ఆ ఆకు ఎవరికి అమ్ముతారు?

ప్రశ్న: మాకు మూడెకరాల పొలం ఉంది. బావి ఉంది, ఎండాకాలంలో కూడా ఒక ఎకరానికి నీళ్ళు సరిపోతాయి. చాలా ఏళ్ళుగా మొక్కజొన్నే వేస్తున్నాం. ఖర్చులు పోను చేతిలో ఏమీ మిగలట్లేదు. నేను ఉద్యోగం మానేసి రెండేళ్ళ క్రితం పొలానికి వచ్చాను. ఎవరూ వెయ్యని పంట వేస్తేనే లాభం అని నా నమ్మకం. ఒక నర్సరీ వాళ్ళు స్టీవియా (చక్కెర బదులు వాడే తీపి ఆకు) మొక్కలు ఇస్తామంటున్నారు. పండిన ఆకు మేమే కొంటాం, అగ్రిమెంట్ రాసిస్తాం అంటున్నారు. కాకపోతే కనీసం ఎకరం వెయ్యాలట, మొక్కల డబ్బు మొత్తం ముందే కట్టాలట. ఇక యూట్యూబ్ తెరిస్తే డ్రాగన్ ఫ్రూట్, వెనీలా, చియా, కుంకుమపువ్వు. చూసిన కొద్దీ బుర్ర తిరుగుతోంది. మా నాన్న మాత్రం "తినని పంట వెయ్యకు" అని ఒకే మాట మీద కూర్చున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. నన్ను ఏ పంట వెయ్యమంటారు?
- ఒక యువ రైతు

సమాధానం:

మీ నాన్నగారి మాటని మీరు మొండితనం కింద జమకట్టినట్టున్నారు. నాకు మాత్రం ఆ మూడు ముక్కల్లో, మీ ఉత్తరం మొత్తంలో లేని లెక్క ఒకటి కనపడింది. మొక్కజొన్న కొనే మనిషి ఈ వారం రాకపోతే వచ్చే వారం వస్తాడు. ఒకరు మరీ తక్కువ చెబితే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. ఎవరూ రాకపోతే గింజ కోళ్ళకి, చొప్ప పశువులకి. స్టీవియా ఆకు పది బస్తాలు వసారాలో పడి ఉంటే ఏం చేస్తారు? ఇంట్లో టీలోకి ఏడాదికి ఎన్ని ఆకులు కావాలి? కొనేవాడు ఒక్కడే అయితే ధర వాడి నోట్లో ఉంటుంది. ఆయన భయం దీని గురించే అనుకుంటాను.

అలాగని మొక్కజొన్ననే పట్టుకుని ఉండమని నేను చెప్పను. వందల ఎకరాల్లో యంత్రాలతో పండించేవాళ్ళకి గిట్టే ధర దగ్గర మీరూ అమ్మాలి. మూడెకరాల మీద ఆ పోటీ నెగ్గడం ఎవరి వల్లా కాదు, కొత్త దారి వెతకాల్సిందే. కానీ "ఎవరూ వెయ్యని పంట వేస్తేనే లాభం" అన్నదాంట్లో ఒక మెలిక ఉంది. ఎవరూ వెయ్యని పంటల్లో కొన్ని ఇంకా ఎవరికీ తట్టనివి. మిగతావి పదేళ్ళ క్రితమే ఎవరో వేసి, చేతులు కాల్చుకుని, చెప్పుకోలేక ఊరుకున్నవి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

నేను ఆ రెండో రకం మనిషినే. ఒకప్పుడు నిమ్మగడ్డి వేశాను, నూనె కోసం. నీళ్ళు తక్కువ చాలు, పశువులు ముట్టవు, చీడపీడలు పెద్దగా రావు అన్నారు. అన్నీ నిజమే. గడ్డి నడుమెత్తు పెరిగింది. నేను ఆలోచించనిది ఒకటే. వంద కిలోల పచ్చిగడ్డిని బట్టీలో పెడితే వచ్చే నూనె అర కిలో, అటూ ఇటూ. అంత బరువుని దూరం మోస్తే కిరాయికే సరిపోతుంది. కాబట్టి దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క బట్టీయే దిక్కు. ఆ యజమాని ముందు తన గడ్డి మరిగించుకునేవాడు, తర్వాత తన బావమరిది గడ్డి, ఆ తర్వాత మా వంతు. అప్పటికి కోసిన గడ్డి కుప్పలో వేడెక్కి నల్లబడేది. రెండు కోతలు అలా పోయాక దున్నేశాను. ఇప్పటికీ గట్టు మీద నాలుగు దుబ్బులు ఉన్నాయి, వాటి మీద నాకు కోపం లేదు. పంట తన పని తాను చేసింది.

ఇప్పుడు స్టీవియా సంగతి. మొక్క పుట్టిల్లు పరాగ్వే. ఆకు తీపి, అందులో మోసం లేదు. గింజలు సరిగ్గా మొలవవు, అందుకే కొమ్మ ముక్కలతోనో, ల్యాబ్‌లో చిన్న మొక్క ముక్క నుంచి పెంచే టిష్యూ కల్చర్‌తోనో పెంచిన మొక్కలే నాటుకోవాలి. ఎకరానికి దాదాపు 30 వేల నుంచి 40 వేల మొక్కలు పడతాయి. ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి. ఒక్కో మొక్క మీద నర్సరీకి ఎంత కొంచెం మిగిలినా, దాన్ని 40 వేలతో గుణించండి. మీ పొలంలో ఒక్క ఆకు కూడా కొయ్యకముందే వాళ్ళ ఏడాది వ్యాపారం అయిపోయింది. ఆ తర్వాత మీ ఆకు కొనడం వాళ్ళకి లాభమా, తలనొప్పా? "కనీసం ఎకరం" అన్న షరతు ఎవరి మేలు కోరి పెట్టిందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఆకు వైపు నుంచి కూడా చూద్దాం. తీపి పదార్థం ఆకులో ఎక్కువగా ఉండేది పూతకి ముందు. పూత మొదలైతే తగ్గుతుంది కాబట్టి సరిగ్గా ఆ వారంలోనే కొయ్యాలి. కోసిన వెంటనే ఆరబెట్టాలి, వాన పడితే ఆకు నల్లబడుతుంది. ఇంత చేశాక దాన్ని నిజంగా కొనేది ఎవరు? ఆకు నుంచి తీపి పదార్థాన్ని విడదీసి, శుద్ధి చేసి, శీతల పానీయాల కంపెనీలకి అమ్మే ఫ్యాక్టరీలు. 2008లో అమెరికా అధికారులు అభ్యంతరం లేదన్నదీ, 2011లో ఐరోపా సమాఖ్య అనుమతించిందీ ఆ శుద్ధి చేసిన పదార్థానికే. అలాంటి ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ, అందులోనూ ఎక్కువ చైనాలోనే ఉన్నాయి. పైగా ఆ తీపి అణువుల్లో కొన్నింటిని ఇప్పుడు ఈస్ట్‌తో పులియబెట్టి ట్యాంకుల్లోనే తయారు చేస్తున్నారు. ఆకుతో పనే లేదు. మీరు పోటీ పడాల్సింది పక్క ఊరి రైతుతో అనుకుంటే పొరపాటు.

మీ నర్సరీ వాళ్ళు మోసగాళ్ళని నేను అనట్లేదు, వాళ్ళెవరో నాకు తెలియదు. కానీ ఈ తరహా వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పే పాత కథ ఒకటి ఉంది. 1980ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక కంపెనీ జెరూసలేం ఆర్టిచోక్ అనే దుంపని రైతులకి పరిచయం చేసింది. పొద్దుతిరుగుడుకి దగ్గరి చుట్టం, భూమిలో దుంప పెడుతుంది. దాని నుంచి ఇంధనం తీస్తారు, ఇక పెట్రోలుకి ఎదురుచూడక్కర్లేదు, కుటుంబ సేద్యం బతికిపోతుంది అన్నారు. అప్పటికి రైతులు అప్పుల్లో ఉన్నారు, మాట తీయగా వినపడింది. విత్తన దుంపలు మామూలు పంట విత్తనాలకి ఎన్నో రెట్ల ధరకి కొన్నారు. మొదటి ఏడాది వేసినవాళ్ళ దుంపల్ని కంపెనీ నిజంగానే తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? రెండో ఏడాది చేరినవాళ్ళకి విత్తనంగా అమ్మింది. ఇంధనం తీసే ఫ్యాక్టరీ ఎక్కడా లేదు. కొత్తగా చేరేవాళ్ళు తగ్గిన రోజున మొత్తం కూలింది. 1983కల్లా కంపెనీ దివాలా తీసింది, నడిపినవాళ్ళలో కొందరికి శిక్షలు పడ్డాయి. రైతులకి మిగిలింది ఆ దుంపే. తవ్వేటప్పుడు చిన్న ముక్క నేలలో ఉండిపోయినా మళ్ళీ మొలుస్తుంది కాబట్టి, తర్వాతి పంటలో అది కలుపు.

ఇందులో గమనించాల్సింది మొదటి ఏడాది వాళ్ళకి డబ్బు వచ్చిందన్న సంగతి. "మా మామయ్య కొడుకు వేశాడు, డబ్బు కళ్ళారా చూశాడు" అనే సాక్ష్యం అప్పుడూ దొరికింది, ఇప్పుడూ దొరుకుతుంది. అతను అమ్మింది తినేవాళ్ళకా, ఫ్యాక్టరీకా, లేక తన వెనక వేసేవాళ్ళకా? మొక్కలు, పిలకలు, విత్తనాలు అమ్మి సంపాదించినవాళ్ళ వీడియోలు పక్కన పెట్టేసి, పంట అమ్మి సంపాదించినవాళ్ళవి మాత్రమే చూడండి. సగానికి పైగా వీడియోలు రాలిపోతాయి.

నర్సరీ వాళ్ళని పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. ఇలా అడగండి: "మొక్కల డబ్బులో సగం ఇప్పుడు ఇస్తాను. మిగతా సగం మీరు మొదటి కోత ఆకు కొన్నప్పుడు అందులోంచి పట్టుకోండి." ఆకు మీద నిజంగా వ్యాపారం చేసేవాడు బేరమాడతాడు, ఏదో ఒక దారికి వస్తాడు. మొక్కల మీద వ్యాపారం చేసేవాడు ఆ రోజు నుంచి మీ ఫోన్ ఎత్తడు. ఒక పది సెంట్లు వేసి చూస్తానని కూడా అడగండి. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పమనండి.

అగ్రిమెంట్ కాగితం చేతికిస్తే సంతకం పెట్టేముందు ధర ఉన్న చోట అంకె ఉందో, "అప్పటి మార్కెట్ రేటు" అని ఉందో చూడండి. మార్కెట్టే లేని పంటకి మార్కెట్ రేటు అంటే వాళ్ళు చెప్పిందే. తేమ ఎంత ఉండాలి, తీపి శాతం ఎంత, పరీక్ష ఎవరి ల్యాబ్‌లో, తిరస్కరిస్తే మీరు ఇంకొకరికి అమ్ముకోవచ్చా, లారీ కిరాయి ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవ్వకపోతే ఏమిటి, ఇవన్నీ కాగితంలో ఉండాలి. "నాణ్యత బాగుంటే కొంటాం" అన్న ఒక్క వాక్యం ఉంటే ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికే. ఆ తర్వాత వాళ్ళకి కనీసం రెండేళ్ళుగా ఆకు అమ్మిన ముగ్గురు రైతుల్ని మీరే వెతుక్కుని కలవండి. వాళ్ళు ఇచ్చిన పేర్లతో సరిపెట్టుకోకండి. దిగుబడి ఎంత అని అడగడం అందరూ చేస్తారు. మీరు "డబ్బు ఎప్పుడు వచ్చింది, రెండోసారి వేశారా" అని అడగండి.

ఇక వీడియో పంటలు, ఒక్కొక్కటీ త్వరగా చూసేద్దాం.

డ్రాగన్ ఫ్రూట్ ఇప్పుడు ఎవరూ వెయ్యని పంట కాదు. మొక్క పాకడానికి నిలిపే స్తంభాల ఖర్చు మొదటి రోజే పెట్టాలి, కాపు మెల్లగా పెరుగుతుంది. పువ్వు ఒక్క రాత్రే విచ్చుకుంటుంది, కొన్ని రకాలకి వేరే రకం పుప్పొడి అందితే తప్ప కాయ సరిగ్గా కట్టదు. ఈ మాట మొక్కలు అమ్మేవాళ్ళు చాలామంది చెప్పరు.

వెనీలా నాకు ఇష్టమైన కథ, మీకు ఇష్టమైన పంట కాకూడదని కోరిక. సొంత గడ్డ మెక్సికో దాటితే దాని పువ్వుని సహజంగా పరాగసంపర్కం చేసే కీటకాలు దాదాపు ఉండవు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో బానిసగా ఉన్న ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ అబ్బాయి ఒక చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వులో పుప్పొడి ఎలా అంటించాలో కనిపెట్టాడు. నేటికీ ప్రపంచమంతా ఆ పద్ధతే. ఒక్కో పువ్వు ఒక్క పూటే తెరుచుకుని ఉంటుంది, ఆ పూటే ఒక మనిషి వచ్చి దాన్ని ముట్టుకోవాలి. తీగ నాటాక మొదటి పూతకి సుమారు మూడేళ్ళు, కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, కోశాక మగ్గబెట్టి ఆరబెట్టడానికి ఇంకొన్ని నెలలు. ప్రపంచ వెనీలాలో ఎక్కువ భాగం మడగాస్కర్‌దే. 2017లో అక్కడ తుపాను వచ్చాక ధర ఎగిసి, 2018లో బరువుకి బరువు వెండిని దాటింది. ఆ ధర చూసి ఎన్నో దేశాల్లో తీగలు నాటారు. అవి కాపుకొచ్చేసరికి ధర జారడం మొదలైంది, 2023లో కుప్పకూలింది. మూడు నాలుగేళ్ళ తర్వాత కాసే పంటని ఈరోజు ధర చూసి వెయ్యడమంటే, వెళ్ళిపోయిన బస్సుకి టికెట్ కొనడమే.

కుంకుమపువ్వు కిలో రావాలంటే సుమారు లక్షన్నర పువ్వులు కొయ్యాలి. ఒక్కో పువ్వులో మూడే ఎర్రటి పోగులు, పూత కొద్ది వారాలే, కోసిన రోజే ఆ పోగులు చేత్తో విడదీయాలి. గదిలో ట్రేల మీద పూయిస్తున్న వీడియోలు నేనూ చూశాను, అందంగా ఉంటాయి. పువ్వు ఇచ్చేది దుంపలో ముందే దాచుకున్న బలం. పూత అయ్యాక ఆ దుంపల్ని మట్టిలో పెట్టి, చల్లని వాతావరణంలో నెలల తరబడి మేపితేనే మళ్ళీ పిల్ల దుంపలు లావవుతాయి. అది చెయ్యలేనివాళ్ళు ఏటా దుంపలు కొనుక్కోవాలి. ఇక్కడ కూడా ఎవరి వ్యాపారం ఏమిటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

చియా, కినోవా లాంటి ఎండు గింజల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఉన్న ప్రమాదం కంటికి కనపడదు. కినోవా బొలీవియా, పెరూ కొండ ప్రాంతాల చిన్న రైతుల పంట. ఐక్యరాజ్యసమితి 2013ని అంతర్జాతీయ కినోవా సంవత్సరంగా ప్రకటించింది. అప్పటికే ధరలు ఎక్కుతున్నాయి, 2014 ప్రాంతంలో శిఖరానికి చేరాయి. దాంతో పెరూలోనే తీరప్రాంతంలో పెద్ద కమతాల వాళ్ళు నీరు పెట్టి, ఎరువులు వేసి దిగారు. ఇతర దేశాలూ దిగాయి. 2015కల్లా ధర సగానికి పైగా పడిపోయింది. కినోవా మంచిది కాకపోవడం వల్ల పడలేదు. ఎండు గింజ ఏడాది నిల్వ ఉంటుంది, ఓడలో ఎక్కడికైనా పోతుంది. అలాంటి దాన్ని ఎక్కడ చవగ్గా పండిస్తే అక్కడి నుంచే తెచ్చుకుంటారు. మీరు పారిపోదామనుకుంటున్న మొక్కజొన్న కష్టం సరిగ్గా ఇదే కదా. పేరు మారుతుంది, పోటీ అదే.

కాబట్టి నా అనుభవంలో చిన్న రైతుని కాపాడేది పంట అరుదుగా ఉండటం కన్నా పంట త్వరగా పాడైపోవడం. వినడానికి వింతగా ఉంటుంది. రెండు రోజుల్లో వాడిపోయేదాన్ని వెయ్యి కిలోమీటర్ల అవతలి పెద్ద రైతు తెచ్చి అమ్మలేడు. ఆ రెండు రోజులే మీ ప్రహరీ గోడ. లేత ఆకులు, పుట్టగొడుగులు, తినే పువ్వులు, పచ్చి మూలికలు, చెట్టునే పండనిచ్చి కోసే పళ్ళు, ఇవన్నీ ఆ గోడ లోపలివి. అయితే ఆ గోడకి తలుపు ఒక్కటే, అది పట్నం వైపుంటుంది. గంటా గంటన్నర దూరంలో కొనేవాళ్ళు లేకపోతే ఇవి చెత్తకుప్పలోకే పోతాయి.

మీకు నేను మొదట చెప్పేది మీరు నవ్వుకునే సలహా. మీకు చాలా ఏళ్ళుగా తెలిసిన మొక్కజొన్నలోనే వెతకండి. బేబీ కార్న్ అంటే వేరే వింత మొక్క కాదు. పీచు బయటికొచ్చిన రెండు మూడు రోజుల్లోపు, గింజ కట్టకముందే కోసిన లేత కండె, అంతే. అందుకు తగిన రకాలు, మొక్కలు కాస్త దగ్గరగా వెయ్యడం, మొక్క కొసన వచ్చే మగపూత (జల్లు) తీసెయ్యడం, ఇంతే తేడా. రెండు నెలల్లో పొలం ఖాళీ అవుతుంది, పచ్చి చొప్ప పశువులకి మంచి మేత. రోజూ కొయ్యాలి, ఒక్క రోజు ఆలస్యమైనా కండె లావై ఎవరూ తీసుకోరు. మూడెకరాలూ ఒకేసారి వేస్తే చచ్చిపోతారు. వారం వారం కొద్ది కొద్దిగా, అర ఎకరంలోపు వేస్తూ పోవాలి. తీపి మొక్కజొన్న కూడా అంతే. దానికి ఒక చిక్కు ఉంది, పక్క పొలంలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి పడితే ఆ గింజలు పిండిగా అయిపోతాయి. అందుకని దూరంగానన్నా వెయ్యాలి, రెండిటి పూత వేర్వేరు వారాల్లో వచ్చేలానన్నా చూసుకోవాలి. కోశాక గంటలు గడిచే కొద్దీ చక్కెర పిండిగా మారిపోతుంటుంది. ఇదీ మనకి మేలే, దూరపువాడికి కీడు. అన్నట్టు, మెక్సికోలో మొక్కజొన్న కండెకి పట్టే కాటుక తెగులుని ఉయిట్లకోచే అని ఇష్టంగా వండుకుంటారు, మామూలు కండె కన్నా ఎక్కువ ధర పెడతారు. మీరు అది వెయ్యమని కాదు. పంట విలువ మొక్కలో కంటే కొనేవాడి నోట్లో ఉందని చెప్పడానికి.

రెండోది పుట్టగొడుగులు. చాలామంది వీటితో మొదలుపెట్టి మానేస్తారు, కారణం పెంచడం రాకపోవడం కాదు, ఒకేసారి ఎక్కువ సంచులు కట్టడం. ముత్యపు చిప్ప రకం అన్నిటికన్నా సులువు. ఎండుగడ్డిని తరిగి నానబెట్టి, వేడి నీళ్ళలో శుద్ధి చేసి, పొరలు పొరలుగా స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) వేసి సంచుల్లో కడతారు. రెండు మూడు వారాలు చీకట్లో, ఆ తర్వాత గాలి, తేమ. తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. గాలి ఆడకపోతే గొడుగు చిన్నదై కాడ పొడుగ్గా సాగుతుంది, అది చూస్తే చాలు, కిటికీ తెరవాలని పుట్టగొడుగే చెబుతుంది. కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి, చెయ్యి తిరిగితే కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు. పొలం అక్కర్లేదు, పెరట్లో పాక చాలు. గొడుగు విప్పారాక వదిలే సన్నటి పొడి లాంటి సిద్ధబీజాలు పీల్చితే దగ్గు, ఆయాసం వస్తాయి, మాస్క్ లేకుండా లోపలికి వెళ్ళకండి. మొదట ఇరవై సంచులతో మొదలుపెట్టండి. వారం వారం ఐదు చొప్పున కట్టండి, ఒకే రోజు ఇరవై కాదు. అప్పుడు ప్రతివారం కొంచెం సరుకు ఉంటుంది, అడిగినవాళ్ళకి లేదనకుండా ఇవ్వగలరు. హోటల్ వాడు ఒకసారి లేదంటే ఊరుకుంటాడు, రెండోసారికి వేరేవాళ్ళని చూసుకుంటాడు.

మూడోది పంటే కాదు, యంత్రం. చిరుధాన్యాల్లో జొన్న, సజ్జ, రాగి నేరుగా వాడుకోవచ్చు. కొర్ర, సామ, ఊద, అరికలకి గట్టి పొట్టు ఉంటుంది, తీయకుండా వండలేరు. ఆ పొట్టు దగ్గరే ఈ పంటలు ఇన్నాళ్ళు ఆగిపోయాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఫోనియో అనే ధాన్యానిదీ అదే గోల. ఇసుకరేణువంత గింజ, రోట్లో దంచి పొట్టు తీయలేక ఆడవాళ్ళ చేతులు పడిపోయేవి. సెనెగల్ ఇంజనీరు సనూసీ జాకితే 1990లలో దానికి యంత్రం తయారు చేశాకే ఫోనియోకి కొంత కదలిక వచ్చింది. మీ చుట్టుపక్కల ఎవరైనా ఇలాంటి ధాన్యం వేసి అమ్ముకోలేక తిప్పలు పడుతుంటే, పండించే పదకొండో మనిషి అవ్వడం కన్నా పొట్టు తీసే మొదటి మనిషి అవ్వడం మేలు. నలుగురు కలిసి ఒక చిన్న యంత్రం పెట్టుకోవచ్చు. నా నిమ్మగడ్డి కథలో డబ్బు చేసుకున్నది ఎవరో గుర్తుంది కదా, బట్టీ యజమాని.

చట్టం సంగతి ఒక్క మాట. కొన్ని మొక్కలు వెయ్యడానికీ, కొన్ని చెట్లు నరకడానికీ అనుమతి కావాలి. అమెరికాలో 2018 చట్టం హెంప్ (మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) సాగుకి తలుపు తెరిచింది. 2019లో ఎగబడి వేశారు, ధర నేలకి దిగింది. పైగా మత్తు పదార్థం 0.3 శాతం దాటిన పంటని ధ్వంసం చెయ్యాల్సి వచ్చింది. కొత్త పంట ఏదైనా ముందు వ్యవసాయ అధికారిని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

లెక్క ఎలా వెయ్యాలో చెబుతాను, చాలా మొరటు లెక్క. వాళ్ళు చెప్పిన దిగుబడిలో సగం రాసుకోండి, మొదటిసారి వేసేవాడికి అంతకన్నా రావడం అరుదు. చెప్పిన ధరలో సగం రాసుకోండి. రెండూ కలిస్తే చెప్పిన ఆదాయంలో పావు వంతు. ఖర్చు మాత్రం మొత్తం రాయండి, అందులో మీ ఇంట్లోవాళ్ళ పని గంటలకి కూలి కూడా కలపండి. ఆ పావు వంతుతో ఖర్చు వెనక్కి వస్తుందా? వస్తే అర ఎకరం దాకా వెయ్యండి. రాకపోతే, మొత్తం పోయినా రాత్రి నిద్ర పట్టేంత జాగాలోనే వెయ్యండి. నాకు ఆ జాగా పది సెంట్లు. మిగతా రెండెకరాల తొంభై సెంట్లలో ఎప్పటి పంటే ఉంటుంది కాబట్టి మీ నాన్నగారితో గొడవకి కూడా చోటుండదు. ఆ పది సెంట్లూ ఎక్కడివ్వాలో ఆయన్నే అడగండి. నీళ్ళు నిలవని చోటు, ఎండకి అడ్డు లేని చోటు మీకన్నా ఆయనకే బాగా తెలుసు.

ఓపిక కూడా ఖర్చే. ఆస్పరాగస్ అనే కూర మొక్క నాటితే రెండు మూడేళ్ళు కోత ముట్టకూడదు, ఆ తర్వాత పదేళ్ళు పైగా కాస్తుంది. మందుల్లో వాడే జిన్సెంగ్ వేరు నాలుగు నుంచి ఆరేళ్ళు నేలలో ఉండాలి, పైగా ఒకసారి వేసిన నేలలో మళ్ళీ వేస్తే చాలా ఏళ్ళ దాకా సరిగ్గా రాదు. చందనం ఇంకో చెట్టు వేర్ల మీద ఆధారపడి పెరుగుతుంది, చేవ బాగా కట్టడానికి పదిహేనేళ్ళు కూడా చాలకపోవచ్చు. ఇవి చెడ్డ పంటలని అనను. కానీ ఉద్యోగం మానేసి వచ్చి, ఈ ఏడాదే ఇల్లు గడవాల్సిన మనిషి గట్ల మీద వేసుకోవాల్సినవి, పొలమంతా కాదు.

కొత్త పంట తినడం జనానికి నేర్పడానికి ఎంతకాలం పడుతుందో తెలుసా? 1904లో ఒక స్కూలు ప్రిన్సిపాల్ చైనా నుంచి న్యూజిలాండ్‌కి కొన్ని గింజలు తెచ్చింది. ఆ పండుని చాలాకాలం చైనీస్ గూస్‌బెర్రీ అన్నారు. 1959లో ఎగుమతిదారులు అమెరికాలో అమ్ముడుపోవడం కోసం పేరు మార్చి కివీ అన్నాక గానీ అది ఊపందుకోలేదు. మధ్యలో యాభై ఐదేళ్ళు. ఆ తర్వాత ఇటలీ, చిలీ కూడా మొదలుపెట్టాయి. అందుకే ఊళ్ళో ఎవరికీ తెలియని పండు కన్నా, ఊళ్ళో అందరికీ తెలిసి దూరం నుంచి వాడిపోయి వస్తున్న కూరగాయని వెతకమంటాను. ఒక ఆదివారం పట్నం వెళ్ళి, నాలుగు హోటళ్ళ వంటవాళ్ళనీ, రెండు పెద్ద కూరగాయల దుకాణాల వాళ్ళనీ ఒక్కటే ప్రశ్న అడగండి: "మీరు కొనేవాటిలో ఏది ఎప్పుడూ వాడిపోయి వస్తుంది, ఏది అడిగినా దొరకదు?" నోట్‌బుక్కులో రాసుకోండి. ఇద్దరు ఒకే పేరు చెబితే అక్కడ ఆగి, వారానికి ఎన్ని కిలోలు అని అడగండి. మీ పంట ఆ కాగితంలో ఉంటుంది, స్టీవియా ఉండే అవకాశం తక్కువ.

జవాబు రాసేటప్పుడు పట్నం మీ పొలానికి ఎన్ని కిలోమీటర్లో, పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికో కూడా రాయండి. మీ ఉత్తరంలో నేల ఉంది, బావి ఉంది, నర్సరీ ఉంది, ఆ రెండూ మాత్రం లేవు.